చప్పుళ్ళ టీచరు

ఏదీ, ఆ చుట్ట విప్పి చూపించు. ఇంత పెద్ద చార్టు ఎక్కడ దొరికిందే అమ్మడూ, పరిస్తే మంచమంతా పట్టేలా ఉంది. రంగులు బాగా కుదిరాయి. అ పక్కన అద్దం, ఆ పక్కన ఆవు, ఇ పక్కన ఇల్లు. మా రోజుల్లో ఈ బొమ్మలు కూడా ఉండేవి కావు, ఉత్త నల్ల అక్షరాలే. సోమవారం నుంచే కదా నువ్వు ఒకటో తరగతి చెప్పేది? మొదటిరోజు ఏం చేద్దామనుకుంటున్నావు మరి? ఊఁ. గోడకి తగిలించి, కర్రతో ఒక్కో అక్షరం చూపిస్తూ వరసగా అనిపిస్తావు. తప్పు పట్టడం లేదు తల్లీ, అందరం అదే చేశాం. కానీ నువ్వు అడక్కపోయినా ఒకావిడ సంగతి చెప్పాలి నీకు. కూర్చో. ఆ కుర్చీ వద్దు, దాని కాలు ఊగుతుంది, ఈ స్టూలు లాక్కో. టీ తెచ్చుకున్నావా? సరే.

ఆవిడ పోయి ముప్పై నాలుగేళ్ళు. మా స్కూల్లో చేరినప్పుడు ఆవిడకి నలభై ఉంటాయి, నాకు ముప్పై నాలుగు. నేను రెండో తరగతి చెప్పేవాణ్ణి. నా చేతిరాత చూశావు కదా, మీ అమ్మ పెళ్ళి శుభలేఖల కవర్ల మీద అడ్రసులన్నీ నేనే రాశాను, ప్రెస్సులో అచ్చేయించారా అని అడిగారు ఎంతమందో. అది వదిలెయ్. మా స్కూలు పొడుగ్గా ఒకటే షెడ్డు, పైన రేకులు, గదికీ గదికీ మధ్య చెక్కల అడ్డం. ఒకటో తరగతి గదికీ నా గదికీ మధ్య ఉన్న చెక్కల్లో ఒకచోట రెండు వేళ్ళు పట్టేంత సందు ఉండేది. నేను దాన్ని మూయించమని ఎన్నోసార్లు హెడ్మాస్టరుకి చెప్పాను. మూయించలేదు, నా అదృష్టం అనుకో. ఆవిడకి ముందు ఒకటో తరగతి చెప్పిన పెద్దాయన పిల్లల చేత ఎంత బాగా అనిపించేవాడంటే, రైలు పోయినట్టు పోయేది. కకు దీర్ఘమిస్తే కా, కకు గుడిస్తే కి, అలా ఒక్క ఊపులో చివరిదాకా. ఆ పిల్లలే మరుసటి ఏడాది నా దగ్గరికి వచ్చేవాళ్ళు. పుస్తకం తెరవమంటే పాఠం గడగడా చదివేవాళ్ళు. ఆవిడ వచ్చిన ఏడాదే నా క్లాసులో దర్జీ గారి అమ్మాయి ఒకతి ఉండేది, రెండు జడలు, పళ్ళు రెండు ఊడిపోయి. ఆ పిల్ల నిలబడి పేజీన్నర పాఠం ఎక్కడా ఆగకుండా చదివింది. శభాష్ అని, అందరి చేతా చప్పట్లు కొట్టించి, దగ్గరికెళ్ళి చూస్తే పుస్తకం తలకిందులుగా పట్టుకుని ఉంది. నవ్వకు. నవ్వాలి, నిజమే. కానీ నేను ఆ రోజు ఏం చేశానో తెలుసా, పుస్తకం సరిగ్గా తిప్పి ఆ పిల్ల చేతుల్లో పెట్టి, కూర్చోమన్నాను. అంతే. దాని గురించి మళ్ళీ ఆలోచించలేదు.

ఆ, ఆవిడ. మొదటిరోజు గదిలోకి రాగానే ఆవిడ చేసిన పని చార్టు విప్పి, వెనక్కి తిప్పి, మళ్ళీ అదే మేకుకి తగిలించడం. తెల్లటి వెనకభాగం పిల్లల వైపు. హెడ్మాస్టరు గుమ్మంలో నిలబడి, ఏమ్మా, పొరపాటున తిరగేశారు అన్నాడు. పొరపాటు కాదండీ, అక్షరాలు ఓ నెల ఆగుతాయి, ముందు చెవులు తెరుచుకోవాలి అందిట. ఆయన చాలా మెత్తని మనిషి, పైవాళ్ళ పేరు చెబితే చాలు చేతులు ఆడవు, తన గదికి వెళ్ళిపోయాడు. ఇక మొదలయ్యాయమ్మా చప్పుళ్ళు. నలభై ముగ్గురు పిల్లలు నోరు మూసుకుని మ్‌మ్‌మ్ అంటారు, తేనెపట్టు కదిలించినట్టు. ఆ తర్వాత స్‌స్‌స్, సైకిలు ట్యూబులోంచి గాలి పోయినట్టు. ఇటు నా పిల్లలకి నవ్వు ఆగదు. ఆ తర్వాత చప్పట్లు. పలక అనే మాటకి ఎన్ని చప్పట్లు? మూడు. మొదటి చప్పుడు తీసేస్తే ఏం మిగిలింది? లక. తీసేసిన చోట చి పెడితే? చిలక. గి పెడితే? గిలక. మొ పెడితే? మొలక. చప్పుడు తియ్యడం, చప్పుడు పెట్టడం, ఇదే చదువు. పుస్తకం లేదు, పలక లేదు, బలపం లేదు. పిల్లలకి మహా సరదా పట్టింది. ఇంటికెళ్ళి కనిపించిన ప్రతి మాటకీ తల కోసెయ్యడం మొదలెట్టారు. ఒకడు వాళ్ళ మామయ్యని మయ్యా అని పిలిచాడు. ఇంకోడు భోజనానికి కూర్చుని, అమ్మా కాస్త ళ్ళు ఇవ్వు అన్నాడట. నీళ్ళలో నీ తీసేశాడన్నమాట. వీధంతా ఆవిడకి చప్పుళ్ళ టీచరు అని పేరు పెట్టేసింది.

ఆవిడ సంచీలో ఏముండేవో చెప్పనా? ఒక చేతి అద్దం, సన్నగా కత్తిరించిన కాగితం పీలికల కట్ట. అంతే. ప అంటే పెదాలు ఎలా మూతపడతాయో అద్దంలో చూసుకోమనేది. త అంటే నాలిక పళ్ళని ఎక్కడ తాకుతుందో చూడమనేది. క దగ్గరికి వచ్చేసరికి అద్దంలో ఏమీ కనబడదు, అప్పుడు చెయ్యి గొంతు మీద పెట్టమనేది. క అన్నప్పుడు గొంతు పడుకుని ఉంటుంది, గ అన్నప్పుడు లేచి అదురుతుంది, చూశావా అనేది. నువ్వూ చూడు, పెట్టు చెయ్యి. చూశావా? ఇన్నేళ్ళు బతికావు, ఎప్పుడైనా గమనించావా? ఇక కాగితం పీలికేమో ఒత్తక్షరాలకి. నోటికి ఎదురుగా పట్టుకుని బ అంటే కదలదు, భ అంటే ఎగురుతుంది. మనం మాట్లాడేటప్పుడు ఆ ఒత్తు సగం మందిమి పలకనే పలకం, రాసేటప్పుడు తప్పులు రాక ఏమవుతాయి. నెల తర్వాత ఆవిడ అక్షరాలు మొదలెట్టింది, అదీ అ ఆ లు కాదు. నాలుగే అక్షరాలు. క, ల, ప, త. నాలుగంటే నాలుగు. వాటితోనే కల, తల, లత, పలక, కలప, కలత. నేను సందులోంచి చూస్తున్నాను. వారం తిరిగేసరికి ఆ పిల్లలు వరసతో పని లేకుండా, ముందూ వెనకా లేకుండా, ఏ మాట రాస్తే ఆ మాట చదివేస్తున్నారు. నాకు తెలిసింది తల్లీ, ఇదేదో వేరే సంగతి అని. తెలిసే మండింది. నా దగ్గరికి వచ్చే పిల్లలు నాలుగక్షరాలతో వస్తారా, మిగతా యాభై నేనా నేర్పాలి, ఇదీ నా ఏడుపు. దానికి తోడు తల్లిదండ్రులు హెడ్మాస్టరు గదికి రావడం మొదలెట్టారు. పక్కింటి పిల్ల అక్షరాలన్నీ ఒప్పజెబుతోంది, మావాడికి నాలుగే వచ్చు అని. నేను కూర్చుని మూడు పేజీల ఉత్తరం రాశాను పై ఆఫీసుకి. నా మంచి చేతిరాతలో, మార్జిను గీసి. చివర సంతకం పెట్టలేదు. ఒక శ్రేయోభిలాషి అని రాశాను. అదిగో, అలా చూడకు. నీకు ఇప్పుడు చెబుతున్నాను కదా.

ఉత్తరం పోస్టు చేసిన మూడో వారమో నాలుగో వారమో, మధ్యాహ్నం వాన పట్టుకుంది. రేకుల షెడ్డు కింద వానంటే నీకు తెలీదు. పక్కవాడు అరిచినా వినబడదు. అలాంటప్పుడు మేమందరం పాఠం ఆపేసి, బొమ్మలు వేసుకోండర్రా అని పిల్లల్ని వదిలేసేవాళ్ళం. నేను ఊరికే సందులోంచి చూశాను. ఆవిడ గదిలో పాఠం నడుస్తోంది. మామూలుగా, రోజూ ఎలా నడుస్తుందో అలా. ఒక్కొక్కరే వచ్చి ఆవిడ ముందు నిలబడి బోర్డు మీద మాట చదువుతున్నారు, ఆవిడ తల ఊపుతోంది, ఒకణ్ణి కాదు మళ్ళీ అను అని చేత్తో చెబుతోంది, వాడు సరిచేసుకుని అంటున్నాడు, ఆవిడ భుజం తడుతోంది. నాకు అర్థం కాలేదు. ఈ హోరులో ఈవిడకి ఎలా వినబడుతోంది? లేచి వెళ్ళి వెనక గుమ్మంలోంచి పిలిచాను. టీచర్ గారూ. పలకలేదు. ఇంకా దగ్గరికెళ్ళి, వీపు వెనక రెండడుగుల దూరంలో నిలబడి గట్టిగా పిలిచాను. పిల్లలందరి కళ్ళూ నా మీద ఉన్నాయి. ఆ కళ్ళని చూసి ఆవిడ వెనక్కి తిరిగింది. ఆవిడ పాఠం నడుపుతున్నది చెవులతో కాదు, పెదాలు చూసి అని నాకు తెలిసిపోయిందని, నా మొహం చూసి ఆవిడకి తెలిసిపోయింది.

సాయంత్రం పిల్లలు వెళ్ళాక బెంచీ మీద కూర్చుని చెప్పింది. ఆరేళ్ళప్పుడు జ్వరం వచ్చి కుడిచెవి పోయిందట. ఎడమది నాలుగేళ్ళ నుంచి తగ్గుతూ వస్తోంది. డాక్టరు ఇంకో ఏడాది, మహా అయితే రెండేళ్ళు అన్నాడట. చిన్నప్పుడు జ్వరం నుంచి లేచి స్కూలుకి వెళితే, అందరూ కలిసి పాడే గుణింతాలు ఆవిడకి ఒక గోలలా వినబడేవట. వెనక బెంచీలో కూర్చోబెట్టి, మొద్దు అని కొట్టేవాళ్ళట. వాళ్ళ మేనత్త ఒకావిడ ఇంట్లో కూర్చోబెట్టి, పిల్ల చెయ్యి తన గొంతు మీద పెట్టుకుని, ఒక్కో చప్పుడూ విడివిడిగా నేర్పించిందట. "నాకు అక్షరాలు పాటలా రాలేదు మాస్టారూ, ఒక్కోటీ చేత్తో పట్టుకుని నేర్చుకున్నాను. ప్రతి క్లాసులోనూ నాలాంటివాళ్ళు నలుగురైదుగురు ఉంటారు. చెవులు బాగానే ఉండి కూడా ఆ గోలలో తప్పిపోయినవాళ్ళు. వాళ్ళని నేను వదలను" అంది. ఆ తర్వాత అడిగింది, పై ఆఫీసుకి తెలిస్తే నన్ను క్లాసులో ఉండనివ్వరు, మీరు చెబుతారా అని. చెప్పను అన్నాను. నిజమే, చెవుల సంగతి ఆ ఉత్తరంలో లేదు కదా. ఉత్తరం సంగతి మటుకు నోట్లోంచి రాలేదు. ఏదో ఒకటి చెయ్యాలనిపించి, నా క్లాసులో చదవడం రాని ఆరుగుర్ని రోజూ ఓ గంట మీ దగ్గరికి పంపనా అన్నాను. దర్జీ గారి అమ్మాయి అందులో ఒకతి. నెలన్నర అయ్యాక ఆ పిల్ల ఒకనాడు పొద్దున్నే గేటు దగ్గర నాకోసం కాచుకుని ఉంది. వాళ్ళ ఇంటికి ఎదురుగా కలప డిపో ఉంది, దాని బోర్డు పుట్టినప్పటి నుంచీ చూస్తోంది. "మాస్టారూ, అది బొమ్మ కాదు, దాని మీద కలప అని రాసుంది" అంది. ఆ మాట నాకు చెప్పడానికి అంత పొద్దున్నే వచ్చింది. నేను లోపలికెళ్ళి, హాజరు పట్టీ తెరిచి, వేలు పెట్టుకుని కూర్చున్నాను.

ఇన్‌స్పెక్టరు అర్ధసంవత్సరం పరీక్షలు అయిన వారానికి వచ్చాడు. పొట్టిగా, కోటు వేసుకుని, చంకలో ఫైలు. తెరవగానే పైనే నా ఉత్తరం, నేను దూరం నుంచే గుర్తుపట్టాను. అందరం ఒకటో తరగతి గదిలోకి వెళ్ళాం. ఆవిడ బోర్డు మీద రాస్తోంది. ఆయన వెనక బెంచీ దగ్గర నిలబడి ఏదో అడిగాడు. జవాబు లేదు. మళ్ళీ అడిగాడు. ఆవిడ రాస్తూనే ఉంది. నేను దగ్గాను, ఏం లాభం. అప్పుడు ముందు బెంచీలో ఉన్న పిల్ల, ఇస్త్రీ దుకాణం ఆవిడ కూతురు, లేచి వెళ్ళి టీచరు మోచెయ్యి పట్టుకుని ఇటు తిప్పింది. పిల్లలందరికీ తెలుసన్నమాట. మొదటినుంచీ తెలుసు. నలభై ముగ్గురిలో ఒక్కరూ బయట చెప్పలేదు. ఆయన అడిగాడు, మీకు వినబడదా అని. ఏదో ఒకటి అని తప్పించుకోవచ్చు కదా, ధ్యాసలో పడిపోయాను అనొచ్చు కదా. ఆవిడ సుద్దముక్క కింద పెట్టి, "వినబడదండీ. ఎదురుగా ఉండి మాట్లాడితే తెలుస్తుంది" అంది. చెవులు వినబడని మనిషి పిల్లలకి చప్పుళ్ళు నేర్పుతోందా అని ఆయన హెడ్మాస్టరు వైపు తిరిగాడు. ఆవిడ ఆయన ఎదురుకి జరిగి నిలబడింది. "ముందు పిల్లల్ని పరీక్షించండి. నా చెవుల సంగతి తర్వాత రాసుకోండి" అంది. గొంతు పెంచలేదు. బతిమాలలేదు.

హెడ్మాస్టరు గబగబా పుస్తకం అందించబోయాడు. ఆవిడ వద్దంది, పుస్తకం అయితే బట్టీ పట్టారు అనుకుంటారు, మీరే రాయండి, ఏ పుస్తకంలోనూ లేని మాటలు రాయండి అని సుద్దముక్క ఇన్‌స్పెక్టరు చేతిలో పెట్టింది. ఆయనకి కాస్త పౌరుషం వచ్చింది. తపకిల అని రాశాడు. గుమిలే అని రాశాడు. పిల్లలు చదివారు, చదివి నవ్వారు, సార్ దానికి అర్థం లేదు అని ఒకడు. ఇంకా కష్టమైనవి రాశాడు, కాస్త ఆగి ఆగి చదివారు, కానీ చదివారు. ఒక్కొక్కర్నే పిలిచాడు, మొత్తం నలభై ముగ్గుర్నీ, మధ్యాహ్నం భోజనం బెల్లు కొట్టినా ఎవరూ కదల్లేదు. ఇద్దరు చదవలేకపోయారు. ఒకడేమో బోర్డు దగ్గరికి ముక్కు ఆనించి చూసి చూసి వదిలేశాడు. రెండోది ఆ ఇస్త్రీ దుకాణం పిల్ల, తల వంచుకుని నిలబడిపోయింది. చివర్లో ఒక బొద్దుగాడి వంతు వచ్చింది. ఇన్‌స్పెక్టరు లభిక అని రాశాడు. వాడు అలవాటు ప్రకారం కాగితం పీలిక నోటికి ఎదురుగా పట్టుకుని లబిక అన్నాడు. ఇన్‌స్పెక్టరు బాగుంది అని టిక్కు పెట్టుకున్నాడు. ఆవిడ, కాదు, మళ్ళీ చదువు అంది. ఆయన అదేంటమ్మా, సరిగ్గానే చదివాడు కదా అన్నాడు. "కాగితం కదల్లేదండీ" అంది. వాడు గుండె నిండా గాలి పీల్చి లభిక అన్నాడు. పీలిక ఎగిరి ఆయన కోటుకి తగిలింది. ఆయన కాసేపు ఆ పీలిక చూస్తూ నిలబడ్డాడు. ఆ తప్పు ఆయనకి వినబడలేదు, నాకూ వినబడలేదు. వినబడని మనిషికి తెలిసింది.

అప్పుడు నేను చెప్పాను. ఎలా చెప్పానో నాకే తెలీదు, కాళ్ళు వాటంతటవే ముందుకొచ్చాయి. అయ్యా, ఆ ఉత్తరం రాసింది నేను, దాన్ని వెనక్కి తీసుకుంటాను అన్నాను. ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, ఫైలుకెక్కిన కాగితం వెనక్కి రాదు మాస్టారూ అన్నాడు. ఆవిడ అటు తిరిగి బోర్డు తుడుస్తోంది, ఆవిడకి నా మాట అందలేదు. ఇంకోడైతే ఊరుకునేవాడు. నాకు ఆ రాత్రీ మర్నాడూ కూడు సహించలేదు. మూడోరోజు ఎదురుగా వెళ్ళి నిలబడి, పెదాలు స్పష్టంగా కదుపుతూ మళ్ళీ మొత్తం చెప్పాను. ఆవిడ విని, అదే, చూసి, "ఫైల్లో చేతిరాత చూడగానే తెలిసింది. ఈ స్కూల్లో అంత గుండ్రంగా ఇంకెవరు రాస్తారు" అంది. అని, నన్ను క్షమించానని కూడా అనలేదు. మీ ఆరుగుర్లో ముగ్గురికి ఒత్తులు ఇంకా రాలేదు, రేపు గంట కాదు గంటన్నర పంపండి అంది. నాకు తిట్టినా బాగుండేది.

ఇన్‌స్పెక్టరు నిజాయితీపరుడే అనుకో. రెండూ రాశాడు. నలభై ముగ్గురిలో నలభై ఒక్కరు ఎలాంటి మాటనైనా చదువుతున్నారు, ఇలాంటి క్లాసు నా సర్వీసులో చూడలేదు అని ఒక వాక్యం. ఉపాధ్యాయురాలికి వినికిడి లేదు అని ఇంకో వాక్యం. పైవాళ్ళు ఎప్పుడూ రెండో వాక్యమే చదువుతారు. రెండు నెలలకి ఆర్డరు వచ్చింది, ఆవిడ్ని క్లాసు నుంచి తప్పించి స్కూలు ఆఫీసు గదిలో రిజిస్టర్లు రాసే పనిలో వెయ్యమని. ఆవిడ ఆర్డరు అందినట్టు సంతకం పెట్టి, మడిచి సంచీలో అద్దం పక్కన పెట్టుకుని, మర్నాడు తొమ్మిదింటికి ఒకటో తరగతిలో నిలబడింది. హెడ్మాస్టరు వచ్చి చేతులు నలుపుకుంటూ, అమ్మా, ఆర్డరు అన్నాడు. ఏడాది పూర్తవనివ్వండి, తర్వాత ఆ గదిలో కూర్చుంటాను, ఈలోగా కావాలంటే వచ్చి నన్ను ఎత్తుకెళ్ళమనండి అంది. ఆ మెత్తని మనిషి, పైవాళ్ళ పేరు చెబితే ఒణికే మనిషి, తన గదిలోకెళ్ళి ఒక జవాబు రాశాడు. బదులు ఉపాధ్యాయుడు దొరకనందున ఆర్డరు అమలు ఆలస్యమవుతోంది అని. ఆయన ఉద్యోగంలో పైవాళ్ళకి రాసిన ఒకే ఒక ఎదురు మాట అది. దాన్ని శుభ్రంగా నకలు తీసింది నేనే.

మరుసటి ఏడాది ఒకటో తరగతి నాకిమ్మని నేనే అడిగాను. కాగితం మీద నేను టీచర్ని, ఆవిడ ఆఫీసు గదిలో గుమాస్తా. పదకొండింటికల్లా రిజిస్టర్లు పూర్తి చేసుకుని, చార్టులు సరిచెయ్యడానికి అని చెప్పి నా క్లాసుకి వచ్చేది. ముందు నన్ను కూర్చోబెట్టింది. ఆరేళ్ళ పిల్లల బెంచీ మీద మోకాళ్ళు గెడ్డానికి తగిలేలా కూర్చుని, చేతి అద్దంలో నా నోరు చూసుకుంటూ, నేను ట కీ త కీ తేడా నేర్చుకున్నాను. పిల్లలు నా చుట్టూ చేరి తప్పులు చెప్పేవాళ్ళు. నా నాలిక ఎక్కడుందో నాకు తెలియకుండానే పన్నెండేళ్ళు పాఠాలు చెప్పాను తల్లీ. అలా పద్నాలుగేళ్ళు నడిపించాం. మధ్యలో ఆవిడ ఎడమచెవి కూడా పూర్తిగా పోయింది, మాట కాస్త మొద్దుబారింది, పిల్లలకి ఏమీ తేడా పడలేదు. నాకు మంచి టీచరు అని ఓ సర్టిఫికెట్టు కూడా ఇచ్చారు. ఆవిడకి పట్టుకెళ్ళి ఇస్తే, అటూ ఇటూ తిప్పి చూసి, కాగితం మందంగా ఉంది, అక్షరాలు అతికించడానికి బాగుంటుంది అని కత్తెర తీసింది. నిజంగానే కత్తిరించింది. పన్నెండు ముక్కలు వచ్చాయి.

ఆ ఇద్దరూనా? అడుగుతావనే అనుకున్నాను. అందరూ నలభై ఒక్కరు, నలభై ఒక్కరు అని మెచ్చుకుంటుంటే ఆవిడ ఆ ఇద్దరి పేర్లే పట్టుకుని తిరిగింది. బోర్డుకి ముక్కు ఆనించినవాడికి కళ్ళజోడు పెట్టించింది, నెల తిరక్కుండా వాడు చదివాడు. ఇస్త్రీ దుకాణం పిల్లే మిగిలింది. ఆ ఏడాది చివర్లో వాళ్ళమ్మ చెయ్యి కాలి, పిల్లని స్కూలు మాన్పించి దుకాణంలో పెట్టింది. ఆవిడ వాళ్ళమ్మతో పోట్లాడింది, లాభం లేకపోయింది. సరే అయితే నేనే వస్తాను అంది. ప్రతి ఆదివారం పది గంటలకి అద్దం, పీలికలు సంచీలో పెట్టుకుని ఆ దుకాణానికి వెళ్ళేది. పిల్ల బట్టల మీద నీళ్ళు చల్లుతూ ఉంటే, ఈవిడ మూటల పక్కన కూర్చుని అక్షరాలు చూపించేది. ఒక ఏడాదా రెండేళ్ళా, పదహారేళ్ళు అమ్మడూ. పిల్ల పెద్దదైంది, ఇస్త్రీపెట్టె తన చేతికి వచ్చింది, వాళ్ళమ్మ పోయింది. ఇంకా రాలేదా అని నేను అడిగితే, నాలుగైదు మాటల దాకా వస్తుంది, ఆగిపోతుంది, వదలను అనేది. రిటైరైన తర్వాత కూడా వెళ్ళింది. కాళ్ళు వాచినా రిక్షా కట్టించుకుని వెళ్ళింది. ఆఖరి వారం మంచం మీద ఉండి, నా చెయ్యి పట్టుకుని, ఆదివారం మీరు వెళ్ళండి, దాన్ని సగంలో వదిలెయ్యకండి అంది. వెళతానన్నాను.

ఆవిడ పోయిన నాలుగో రోజో ఏమో, ఆదివారం వచ్చింది. పది గంటలకి ఆవిడ సంచీ, ఆ రోజు పేపరూ పట్టుకుని వెళ్ళాను. ఇరవై రెండేళ్ళ పిల్ల, చొక్కా ఒకటి బల్ల మీద పరిచి ఇస్త్రీ చేస్తోంది. నన్ను చూసి ఆగలేదు. నేను మూటల పక్కన ఆవిడ కూర్చునే చోటే కూర్చుని, అద్దం తీసి, ఎక్కడిదాకా వచ్చావమ్మా అన్నాను. అది ఇస్త్రీపెట్టె నిలబెట్టి, నా పక్కనున్న పేపరు తీసుకుని, మొదటి పేజీ పైనుంచి కిందిదాకా చదివింది. ఎక్కడా తడబడలేదు. ఒత్తులతో సహా. చదివి మడిచి నాకిచ్చేసింది. "నాకు ఎప్పుడో వచ్చు మాస్టారూ. పదేళ్ళప్పుడే వచ్చింది. వచ్చిందంటే టీచరు గారు రావడం మానేస్తారని" అంది. అని మళ్ళీ ఇస్త్రీపెట్టె ఎత్తుకుంది.

నేను ఇంటిదాకా నడిచే వచ్చాను. దారంతా ఒకటే ఆలోచన. ఇప్పటికీ అదే. పెదాలు చూస్తే చాలు, ఎవడికి ఏ అక్షరం వచ్చో ఏది రాదో పట్టేసే మనిషి. ఇన్‌స్పెక్టరుకే దొరకనిది పట్టిన మనిషి. పన్నెండేళ్ళ పాటు ఒక పిల్ల రానట్టు నటిస్తే, ప్రతి ఆదివారం, మూరెడు దూరంలో, మొహంలోకి చూస్తూ కూర్చుని... ఆవిడకి తెలియకుండా ఉంటుందంటావా?

ఊఁ.

టీ చల్లారిపోయినట్టుంది, ఆ గ్లాసు ఇలా ఇయ్యి.